తిరుపతి కొర్లగుంట సైకిల్ షాపుకు చిత్తూరు మామ రాసేది

చిత్తూరు,
ఫిబ్రవరి 2026

అమ్మణ్ణీ,

షాపు తాళాలు మీ నాన్న నీ చేతిలో పెట్టాడని అక్క ఫోన్ చేసి చెప్పింది. బావ మోకాళ్లు ఇక కింద కూర్చుని పంచరు వేయడానికి ఒప్పుకోవు, కాబట్టి మంచి పనే చేశాడు. ఏ నెలలో ఏం జరుగుతుంది, దేనికి ముందుగా సిద్ధపడాలి అని నువ్వు అడిగావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా. చదివి బీరువాలో దాచిపెట్టకు, కౌంటరు సొరుగులో పెట్టుకో.

ముందు అసలు సంగతి. కొత్త సైకిళ్లు షాపుకు కళ. ఇల్లు గడిపేది మాత్రం పాత సైకిళ్లూ, రిపేర్లూ. కొత్తదాని ధర ఫోన్లో చూసుకుని మరీ వస్తారు, అక్కడ నీకు మిగిలేది తక్కువ. పాతదానికి ధర కట్టేది నువ్వు. అయితే జనం పాత సైకిల్ వదిలించుకునే నెల వేరు, కొనుక్కునే నెల వేరు. ఆ మధ్య కాలం నీ డబ్బు, నీ గోడౌను ఓపిక పట్టగలగాలి. ఏడాది పొడుగునా నువ్వు చూసుకోవాల్సింది అదే.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో షాపు చప్పగా ఉందని దిగులు పడొద్దు. పరీక్షల కాలం. గాలి, పంచర్లు, బ్రేకు కట్టలు, అంతకు మించి బేరాలుండవు. ఈ రెండు నెలల్లో చేయాల్సింది వేసవి సరుకు తెప్పించడం. ఏప్రిల్‌లో ఆర్డరు పెట్టావంటే నీలాంటి షాపులన్నీ అదే వారంలో పెట్టి ఉంటాయి, లూధియానా లారీ ఎప్పుడొస్తుందో ఏజెంటుకే తెలియదు. మార్చి ఆఖరుకల్లా డబ్బాలు నీ గోడౌన్లో ఉండాలి. చక్రం సైజు 16, 20 అంగుళాలవి ఎక్కువ, 24 అందులో సగం, 12, 14 కొన్ని చాలు. పెద్దవాళ్ల గేరు సైకిళ్లు రెండో మూడో. "ఇన్ని తీసుకుంటే ఒకటి ఫ్రీ" అని ఏజెంటు స్కీము చెబుతాడు. ఆ ఫ్రీ సైకిల్ కోసం నీ డబ్బు దీపావళి దాకా గోడకు వేలాడుతుంది. నవ్వుతూ కాఫీ ఇప్పించి పంపెయ్.

పోయిన సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద, విడిభాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది, నీకు తెలుసు. దాంతో పాత సైకిళ్ల లెక్క కూడా మారింది, ఇది మాత్రం చాలామందికి తట్టలేదు. కొత్తది చవకైతే పక్కనున్న పాతది ఆ పాత ధరకు ఎవరు కొంటారు? బావ అట్టముక్కల మీద రాసి కట్టిన ధరలన్నీ ఒకసారి దించి, కొత్తవాటి పక్కన పెట్టి చూసి మళ్లీ రాయి. పాతవాటి మీద పన్ను ఎలా కట్టాలో మీ ఆడిటరును అడుగు. కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీద కట్టే పద్ధతి ఒకటుంది. దానికైనా కొన్న కాగితం నీ దగ్గర ఉండి తీరాలి.

ఇక వేసవి. మన రాష్ట్రంలో బడులు ఏప్రిల్ నాలుగో వారంలో మూసి జూన్ 12న తెరుస్తారు. ఆ ఏడు వారాలే నీ పంట. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా తిరుపతి ఎండలో కుక్క కూడా బయట తిరగదు, షట్టరు సగం దించుకుని లోపల ఫిట్టింగు పని చూసుకో. అసలు బేరాలు సాయంత్రం ఐదున్నరకు మొదలై రాత్రి తొమ్మిది దాకా నడుస్తాయి. లైట్లు బాగా పెట్టించు. రంగు కనిపించకపోతే పిల్లలు లోపలికి అడుగు పెట్టరు.

ఒక బేరం ఎలా జరుగుతుందో చెబుతా. ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి వెంటబెట్టుకుని తండ్రి వస్తాడు. రాగానే నీ వెనక్కి చూసి "నాన్న లేడామ్మా?" అంటాడు. నువ్వేమీ అనొద్దు, స్పానరు చేతిలోకి తీసుకుని సీటు దించడం మొదలుపెట్టు. రెండో నిమిషానికల్లా నిన్నే అడుగుతాడు. "వాడు పెరుగుతాడు కదా, 24 ఇవ్వండి, నాలుగేళ్లు పనికొస్తుంది" అంటాడు. నూటికి తొంభై మంది తండ్రుల మాట అదే. పిల్లాణ్ణి 24 మీద కూర్చోబెట్టు. బొటనవేలు కూడా నేలకు ఆనదు, హ్యాండిల్ పట్టుకోవాలంటే ముందుకు వంగిపోవాలి. తర్వాత 20 మీద కూర్చోబెట్టు. రెండు పాదాల ముందు భాగం నేల మీద ఆనాలి, మోచేతులు కొంచెం వంగి ఉండాలి. తండ్రి చూస్తాడు, అయినా మనసు 24 మీదే ఉంటుంది. ఆయన మనసులో ఉన్నది పిల్లాడి కాలు కాదు, రెండేళ్లకు మళ్లీ పెట్టాల్సిన డబ్బు. అప్పుడు పిల్లాణ్ణి బెల్లు ఎంచుకోమని అటు పంపి, తండ్రితో చెప్పు: "అన్నా, ఏడాదిన్నర లోపల దీన్ని తిరిగి తెస్తే, ఫ్రేము, రిమ్ములు బాగుంటే, 24కి ఇంత తగ్గిస్తా." ఆ మాట బిల్లు వెనక రాసి సంతకం పెట్టు. ఆ కాగితంతో 20 అమ్ముడుపోయింది, 24కి గిరాకీ దొరికింది, మంచి పాత 20 ఒకటి నీ షాపుకు నడిచి రావడానికి దారి పడింది. ఇంత పనిచేసే ప్రకటన ఏ పేపర్లోనూ రాదు.

ఒక్క జాగ్రత్త. రాసిన మాట మీద నిలబడు. ఆ రోజు సరుకు ఎక్కువై నీకు అక్కర్లేకపోయినా తీసుకో.

చిన్న సైజుల్లో మాత్రం ఓపిక పట్టే పనే లేదు. మే నెలలో 16 ఇచ్చి 20 తీసుకునేవాళ్లు వరసగా వస్తారు, అదే వారంలో 16 కోసం వేరే ఇళ్ల వాళ్లు వస్తారు. వచ్చిన సైకిల్ మూడు రోజుల్లో తయారై బయట నిలబడాలి. మూలన పడేస్తే జూన్ 12 తర్వాత దాని మొహం చూసేవాళ్లుండరు. సైడు వీల్స్ బిగించేటప్పుడు రెండూ నేలకు ఆనించొద్దని మెకానిక్కుకు చెప్పు. వైపుకు అరంగుళం ఖాళీ ఉంటేనే పిల్లకు బ్యాలెన్సు తెలుస్తుంది. ఇంకా తొందరగా నేర్పాలని అమ్మానాన్నలు అడిగితే, పెడల్స్ విప్పేసి సీటు బాగా దించి, కాళ్లతో నేలను తన్నుకుంటూ నాలుగు రోజులు తిరగమను. పెడల్స్ మళ్లీ బిగించడానికి డబ్బు అడక్కు.

ఆన్‌లైన్‌లో కొన్న డబ్బాలు కూడా ఇదే సీజన్లో వస్తాయి. ఇంట్లో వీడియో చూసి బిగించుకుని, నడవడం లేదని తెస్తారు. నూటికి సగం వాటిలో ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వెనక్కి తిరిగి ఉంటుంది, ముందు బ్రేకు లోపలి వైపు ఉంటుంది, పెడల్ తలకిందులుగా తిప్పి మరలు పాడుచేసి ఉంటారు. "నా దగ్గర కొని ఉంటే ఈ తిప్పలు ఉండేవా" అనకు. ఎడమ పెడల్ ఉల్టా మర అని చూపించి, ఫిట్టింగు చార్జీ ముందే చెప్పి, చక్కగా చేసి ఇవ్వు. వచ్చే ఏడాది ఆ ఇంటి రెండో పిల్ల సైకిల్ నీ దగ్గరే.

ఎండకు టైర్లు బయట వేలాడదీయొద్దు. మీ షాపుది పడమటి ముఖం. రెండు వేసవులు ఎండ తగిలితే కొత్త టైరు కూడా పక్కన పగుళ్లిస్తుంది. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లు "గట్టిగా కొట్టు" అంటారు. టైరు పక్కన అచ్చు వేసి ఉన్న అంకె చూసి అంతే కొట్టించు. గట్టిగా కొట్టిన పాత ట్యూబు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడే పగులుతుంది, తిట్లు నీకు.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. చాటింపు వేశాక ఊరి పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదని మీ మెకానిక్కు ఖచ్చితంగా పాటిస్తాడు, మీ నాన్న కూడా అంతే. చెన్నైకి సామానుకు పంపాలంటే చాటింపుకు ముందే పంపు. వారమంతా బైరాగి వేషం, బండ వేషం, మాతంగి వేషం అంటూ కుర్రాళ్లు పనికి సరిగా రారు. గొడవ పడకు. రిపేరుకు తీసుకునే ప్రతి సైకిల్‌కూ ఆ వారం రెండు రోజులు ఎక్కువ గడువు చెప్పు, సరిపోతుంది.

ఈ ఏడు ఒక తిరకాసుంది. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఆగుతాయి. సైకిల్‌కు ముహూర్తమేంటి అని నువ్వనుకోవచ్చు. ఇంట్లో అవ్వ ఉంటే ఆమె అంటుంది, "మంచి నెల కాదు, కొత్తది వద్దు" అని. కాబట్టి ఈసారి అమ్మకాలు మే మొదటి పక్షంలోనే ముంచుకొస్తాయి, సరుకు మార్చికల్లా దిగాలని మొత్తుకునేది అందుకే. పదిహేడు దాటాక వచ్చినవాళ్లకు అడ్వాన్సు తీసుకుని, సైకిల్‌కు పేరు రాసి పక్కన పెట్టు. అయితే బడి జూన్ 12న తెరుస్తారు గనుక, దూరం నుంచి బడికొచ్చే పిల్ల ఉన్న ఇల్లు ఆగలేదు. అలాంటివాళ్లకు మంచి పాత సైకిల్ చూపించు. పాతదానికి అధిక మాసం అడ్డం రాదు, అవ్వలు కూడా ఒప్పుకుంటారు.

ఇప్పుడు అసలు పని, కొనడం. ఏప్రిల్ ఆఖరు, మే నెలల్లో ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి, అటు ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐజర్ హాస్టళ్లు ఖాళీ అవుతాయి. చదువు అయిపోయిన పిల్లలు రైలెక్కే ముందు రోజు సైకిల్ ఎంతకైనా వదిలేస్తారు. హాస్టల్లో ఒకరిద్దరు జూనియర్ల నంబర్లు తీసుకుని ఉంచు, ఎవరెవరు అమ్ముతున్నారో వాళ్లే గ్రూపులో పెట్టి చెబుతారు. టాటా ఏస్ మాట్లాడుకుని ఒకే ట్రిప్పులో తెచ్చెయ్. పిల్లలు కదా అని మరీ అన్యాయం ధర చెప్పకు. ఆ మాట జూనియర్లకు చేరుతుంది, ఆగస్టులో నీ దగ్గర కొనాల్సింది వాళ్లే.

సంక్రాంతి ముందు కూడా ఒక చిన్న వరద వస్తుంది. భోగికి ఇళ్లు దులిపేటప్పుడు అటక మీద, అపార్టుమెంటు పార్కింగులో ధూళి పట్టినవి బయటపడతాయి. 2020లో కరోనా లాక్‌డౌన్ సడలించాక జనం గేరు సైకిళ్ల మీద ఎగబడ్డారు, గుర్తుందా? ఆ రోజుల్లో షాపుల్లో సరుకే లేదు. వాటిలో చాలా వాటి మీద సరిగా వంద కిలోమీటర్లు కూడా తిరగలేదు. టైర్లు ఎండిపోయి ఉంటాయి, గేరు వైర్లు బిగుసుకుని ఉంటాయి, మిగతాదంతా కొత్తదే. పాత సరుకులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే.

ఏది కొన్నా ఇలా చూడు. ముందు తలకిందులు చెయ్. పెడల్ ఇరుసు ఉండే గొట్టం కింద ఫ్రేము నంబరు గుద్ది ఉంటుంది, కొన్నిటికి సీటు గొట్టం మీద. అక్కడ ఆకురాయితో గీసిన గుర్తులుంటే మాట్లాడకుండా తిరిగి ఇచ్చెయ్. తర్వాత హ్యాండిల్ గొట్టం కింద, ఫ్రేము పైపులు కలిసే చోట వేలు పెట్టి నిమురు. రంగు ముడతలు పడి ఉంటే ముందు నుంచి గుద్దుకున్న సైకిల్. ఫోర్కు పక్క నుంచి చూస్తే వెనక్కి నెట్టినట్టు కనిపిస్తుంది. అది ఎంత మెరిసినా వద్దు. పెడల్ కాడలు రెండూ పట్టుకుని పక్కకు ఊపు, లొడలొడలాడితే కప్పులో బాల్సులు, అంటే ఇనప గుండ్లు, పోయాయి. చక్రం ఎత్తి తిప్పి, బ్రేకు కట్టకూ రిమ్ముకూ మధ్య ఖాళీ చూడు, బెండు ఎంతుందో అక్కడే తెలుస్తుంది. చైను మీద స్కేలు పెట్టు. పిన్ను నుంచి పిన్నుకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి, ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఎక్కువ వచ్చిందంటే చైను అయిపోయింది, దాంతో నడిచిన ఫ్రీవీలు పళ్లు కూడా అరిగి ఉంటాయి. టైరు పక్కను బొటనవేలితో మడిచి పగుళ్లున్నాయేమో చూడు.

ఇంత చూశాక ధర. దాన్ని ఎంతకు అమ్మగలవో అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టు. నాలుగు వేలకు పోయే సైకిల్ అనుకో. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు వైర్లు కలిపి తొమ్మిది వందలు, మెకానిక్కు కూలి నాలుగు వందలు, నీకు ఎనిమిది వందలు. మిగిలింది పందొమ్మిది వందలు, దానికి మించి ఒక్క రూపాయి వద్దు. "మేం పన్నెండు వేలు పెట్టి కొన్నాం" అని వాళ్లంటారు. నిజమే కావచ్చు, అది నీ లెక్కలో ఎక్కడా రాదు. మొహమాటానికి పోయి మూడు వేలిచ్చావంటే ఆ సైకిల్ అమ్మినా నీకు చేతిచమురే.

కొన్న ప్రతి సైకిల్‌కూ పుస్తకంలో ఒక పేజీ. అమ్మినవాళ్ల పేరు, ఫోను, ఆధార్ జిరాక్సు, ఫ్రేము నంబరు, సైకిల్ పక్కన వాళ్లను నిలబెట్టి ఒక ఫోటో. బిల్లు ఉంటే సరే, లేకపోతే ఎక్కడ కొన్నారో రాయించి సంతకం తీసుకో. చిన్నపిల్లలు ఒంటరిగా తెస్తే "నాన్నతో రా" అని పంపించు. దొంగసొత్తు నీ షాపులో దొరికితే పోలీసులు ముందు కూర్చోబెట్టేది నిన్ను. ఇంకో మాట. తమిళనాడు సర్కారు ప్లస్ వన్ (పదకొండో తరగతి) పిల్లలకు ఉచితంగా ఇచ్చే సైకిళ్లు మా చిత్తూరు వైపు సరిహద్దు దాటి అమ్మకానికి వస్తుంటాయి, తిరుపతికీ రాకుండా పోవు. ప్రభుత్వ ముద్ర కనిపిస్తే ఎంత చవకైనా ముట్టుకోకు. మన దగ్గర బడికొస్తా పథకంలో హైస్కూలు ఆడపిల్లలకు ఇచ్చినవి ఇంకా తిరుగుతున్నాయి. రిపేరుకు వస్తే బాగా చేసి ఇవ్వు, కొనడం మాత్రం వద్దు.

జూలై మధ్య నుంచి ఆషాఢం, తమిళుల ఆడి నెల కూడా అప్పుడే. కొత్త బేరాలు పడిపోతాయి. మే నెలలో తెచ్చిన హాస్టల్ సైకిళ్లన్నీ ఓవరాయిలింగ్ చేయించాల్సింది అప్పుడే. చక్రం మధ్యలో ఉండే హబ్బులు విప్పి డీజిల్‌తో కడిగించు. మామూలు సైకిల్ ముందు హబ్బులో 3/16 అంగుళం బాల్సులు వైపుకు పది, వెనక 1/4 అంగుళం బాల్సులు వైపుకు తొమ్మిది. ఒకటి అరిగిందని ఒక్కటే మార్చే అలవాటు మెకానిక్కులకు ఉంటుంది, ఒప్పుకోకు. కొత్త బాల్సు మిగతావాటికన్నా వెంట్రుకవాసి పెద్దది, బరువంతా దాని మీదే పడి, బాల్సులు ఆనే కోనును తింటుంది. సెట్టు మొత్తం మార్చాలి.

బెండు తీయడం మాత్రం నువ్వే నేర్చుకో. మెకానిక్కు రాని రోజు షాపు ఆగకూడదు, పైగా ఈ పని చేతికొచ్చినవాళ్లను ఏ మెకానిక్కూ మాయ చేయలేడు. చక్రం ఎడమకు పోతుంటే ఆ చోట కుడివైపు స్పోకు బిగించు, ఎడమది వదులు చెయ్. ఏదైనా పావు తిప్పుకు మించొద్దు. ఒక పావు, చక్రం తిప్పి చూడు, మళ్లీ ఒక పావు. తొందరపడి అర తిప్పు తిప్పితే పక్క బెండు పోయి రిమ్ము గుడ్డులా అవుతుంది, దాన్ని సరిచేయడానికి సాయంత్రం అయిపోతుంది. చివర్లో స్పోకులు జతలు జతలుగా వేళ్లతో నొక్కి చూడు, అన్నీ ఇంచుమించు ఒకే బిగువుగా ఉండాలి.

ఆగస్టులో హాస్టళ్లు నిండుతాయి. మే నెలలో పోగు చేసినవి అప్పుడు బయట వరసగా నిలబెట్టు, తాళం ఒకటి ఉచితంగా ఇవ్వు. అంతకు మించి ఆ నెల గురించి చెప్పేదేం లేదు, వాటంతట అవే పోతాయి.

తమిళుల పెరటాసి నెల శనివారాలకు అరవ భక్తులు, ఆ రోజుల్లోనే బ్రహ్మోత్సవాలు. ఈ ఏడు అధిక మాసం వచ్చింది కాబట్టి 2023లో లాగా రెండు బ్రహ్మోత్సవాలు, సెప్టెంబరులో ఒకటి, అక్టోబరులో దసరాతో కలిపి ఒకటి. రెండుసార్లు ట్రాఫిక్ మళ్లిస్తారు, గరుడ సేవ రోజున నీ వీధికి బేరం రాదు, సరుకు లారీ అసలు రాదు. అయితే చెన్నై నుంచి నూటముప్పై కిలోమీటర్ల పైచిలుకు తొక్కుకుంటూ స్వామి దర్శనానికి వచ్చేవాళ్లుంటారు. వాళ్ల సన్నటి టైర్ల సైకిళ్లకు మన ట్యూబులు పనికిరావు. వాటి సైజు 700సి ట్యూబులు నాలుగు, సన్న వాల్వుకు గాలి కొట్టే ఇత్తడి అడాప్టరు ఒకటి ఉంచు. ఖర్చు తక్కువ, అవసరానికి ఆదుకున్న షాపు పేరు వాళ్లు చెన్నై దాకా మోసుకుపోతారు.

ఆయుధ పూజకు ముందు వారం రిపేర్లు కిక్కిరిసిపోతాయి. కడగడం, గ్రీజు, బ్రేకులు కలిపి ఒకే ధర బోర్డు మీద రాసి పెట్టు. మెకానిక్కు బట్టలు, బోనసు అప్పుడే ఇవ్వాలి, దీపావళి దాకా సాగదీయొద్దు. సామాన్లన్నీ కడిగి, గంధం కుంకుమ పెట్టి, బొరుగులు, శనగపప్పు, బెల్లం వీధిలో అందరికీ పంచు. పూజలో పెట్టిన సామాను ఆ రోజు ముట్టుకోరు కదా, ఒక పంపు, ఒక పంచరు కిట్టు మాత్రం పూజలో పెట్టకుండా పక్కన ఉంచు. పూలమ్మే ఆమెకు పండగ రోజే టైరు దిగిపోతుంది, ఆ రోజే ఆమెకు నాలుగు డబ్బులు వచ్చేది.

తర్వాత వాన. మనకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా పారాయో నువ్వు చూశావు. గోడౌన్లో డబ్బాలు నేల మీద ఉండకూడదు, అడుగున్నర ఎత్తున ఇనప స్టాండ్లు వేయించు. వాన తగలకపోయినా అట్టపెట్టె చెమ్మ పీలుస్తుంది, లోపల క్రోము రిమ్ముకు తుప్పు చుక్కలు పడతాయి. నెలకొకసారి పైన తెరిచి చూసి, నూనె గుడ్డతో తుడిపించు. డిసెంబరులో నీ దగ్గరికి అమ్మకానికి వచ్చే పాత సైకిళ్లను రెండింతలు జాగ్రత్తగా చూడాలి. పైకి కడిగి తెస్తారు. హబ్బు ఒకటి విప్పితే గ్రీజు పాలరంగులోకి మారి ఉంటుంది, అంటే ఆ సైకిల్ నీళ్లలో మునిగింది. వద్దని కాదు, రెండు హబ్బులు, పెడల్ ఇరుసు మొత్తం విప్పే ఖర్చు ధరలోంచి తీసెయ్. వెస్ట్ చర్చి దగ్గర రైలు వంతెన కింద నీళ్లు నిలిచినప్పుడల్లా అటు నుంచి వచ్చే సైకిళ్ల బ్రేకు కట్టలు ఇసుకతో అరిగి ఉంటాయి, అవి ఎక్కువ తెప్పించి పెట్టుకో.

పాలవాళ్లు, వాచ్‌మెన్లు, హోటల్ పనివాళ్లు అడిగేది నల్ల పెద్ద సైకిల్. పాతవాటిలో అట్లాస్ వస్తే కొందరు భయపడతారు, సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది కదా, సామాన్లు ఎక్కడ దొరుకుతాయని. ఆ రకం సైకిళ్లకు అందరివీ ఒకే కొలతలు, హీరో సామానో ఏవన్ సామానో చాలావరకు సరిపోతుంది. ధైర్యంగా కొను. వీళ్లకు కావాలంటే వారం వారం వసూలు మీద అరువివ్వు. ఎగ్గొట్టేవాళ్లు వీళ్లలో తక్కువ. ఎగ్గొట్టేది కారులో వచ్చి హెల్మెట్టు, లైటు "రేపు ఫోన్‌పే చేస్తా" అని తీసుకుపోయేవాళ్లు.

జనవరిలో అలాంటివాళ్లే ఒళ్లు తగ్గించుకోవడానికి గేరు సైకిల్ అడుగుతారు. అలిపిరి దాకా రోజూ తొక్కుతామంటారు. అమ్ము, ఎందుకు వద్దనాలి, కానీ ఫోను నంబరు రాసుకో. శివరాత్రి దాటాక ఒకసారి సర్వీసుకు రమ్మని ఫోన్ చెయ్. సగం మంది "అది అలాగే ఉందమ్మా, మీరే ఏమైనా తీసుకుంటారా" అని అడుగుతారు.

వచ్చే ఆదివారం పాకాల మీదుగా వచ్చే రైలుకు నేను తిరుపతికి వస్తున్నా. నా బెండు తీసే స్టాండు, బాల్సుల డబ్బాలు తెస్తా, ఇక్కడ మూలన పడి ఉన్నాయి. వెనక గదిలో బావ పోగు చేసిన పాత సైకిళ్లన్నీ బయటికి లాగించి గోడకు ఆనించి ఉంచు, ఒక్కోదానికీ ధర కట్టేద్దాం. ఆ రోజు సెలవు పెట్టొద్దని మెకానిక్కుకు ఇప్పుడే చెప్పు. మధ్యాహ్నానికి వంట ఏమీ పెట్టుకోవద్దని అక్కతో అను, మీ అత్త పులిహోర కట్టిస్తోంది.

మీ మామ